2004 రేంజ్ రోవర్ వి8: ఐడిలింగ్ ఊగుతోంది, సన్నగా ఈల శబ్దం, సెన్సర్లు మార్చినా తగ్గలేదు

అనంత_వి8 (అనంతపురం), శుక్రవారం రాత్రి

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నా దగ్గర 2004 రేంజ్ రోవర్ ఉంది. పెట్రోల్, 4.4 వి8, ఆటోమేటిక్. మూడేళ్ల కింద బెంగళూరులో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను, ఇప్పుడు లక్షా 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ బండి అంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి, అందుకే అమ్మేయమని చెప్పే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

సమస్య ఇది. స్టార్ట్ చేసి వదిలేస్తే ఆర్‌పీఎం 500కి పడిపోయి మళ్లీ 900కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. సప్తగిరి సర్కిల్‌లో డి గేర్‌లో ఉంచి బ్రేక్ తొక్కి నిలబడితే స్టీరింగ్ మొత్తం వణుకుతుంది, ఈ నెలలో రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది, వెనక ఆటోలవాళ్ల హారన్లు, ఇంట్లోవాళ్లు కూర్చుని ఉన్నారు, ఆ టెన్షన్ చెప్పలేను. బానెట్ ఎత్తితే వెనకవైపు నుంచి సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. మైలేజ్ ఊళ్లో 5.5 వచ్చేది, ఇప్పుడు 4 దాటడం లేదు. చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, కోడ్‌లు పి0171, పి0174.

ఒక గ్యారేజ్‌లో చూపిస్తే ఆక్సిజన్ సెన్సర్లు పోయాయని ముందువి రెండూ మార్చారు. నాలుగు రోజులు లైట్ ఆరి మళ్లీ వెలిగింది. తర్వాత ఎయిర్ ఫ్లో సెన్సర్ అన్నారు, అదీ మార్చారు. మొత్తం 62 వేలు అయింది. ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, పోయిందంటున్నారు, బయటికి పంపి రిపేర్ చేయించాలట. ఒప్పుకోవాలా వద్దా అర్థం కావడం లేదు. ఎవరైనా దారి చూపండి.

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

తమ్ముడూ, ఈసీయూ మీద ఎవరినీ చేయి వేయనివ్వకు. అది పోలేదు. నీ పాత సెన్సర్లు కూడా పోయి ఉండవు. మార్చినవాళ్ల దగ్గర అవి ఇంకా ఉంటే తెచ్చి ఇంట్లో పెట్టుకో.

పి0171 అంటే ఒకటో బ్యాంక్‌లో మిక్చర్ లీన్, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. పి0174 అంటే రెండో బ్యాంక్‌లోనూ అదే. ఈ ఇంజన్‌లో కుడివైపు, అంటే మన డ్రైవర్ సీటు వైపు నాలుగు సిలిండర్లు ఒకటో బ్యాంక్, ఎడమవైపు నాలుగు రెండోది. రెండు సెన్సర్లూ ఒకే రోజు ఒకే అబద్ధం చెప్పవు. అవి నిజమే చెబుతున్నాయి, లోపల గాలి ఎక్కువగానే ఉంది.

ఎక్కడి నుంచి వస్తోంది అనేదే ప్రశ్న. ఎయిర్ ఫిల్టర్ దాటాక ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటుంది. లోపలికి వెళ్లే గాలిని అది గ్రాముల్లో లెక్కపెట్టి ఈసీయూకి చెబుతుంది, ఆ లెక్క ప్రకారం ఈసీయూ పెట్రోల్ కొడుతుంది, దాదాపు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్. సెన్సర్ దాటాక ఎక్కడైనా పైపు చిట్లితే అక్కడ లోపలికి దూరే గాలి ఎవరి లెక్కలోనూ ఉండదు. ఆక్సిజన్ సెన్సర్ చూసి లీన్ అంటుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతూ పోతుంది, పెంచడానికి ఒక హద్దు ఉంటుంది, అది దాటగానే లైట్ వేస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒక్కటే. ఫోన్‌కి కనెక్టయ్యే చిన్న బ్లూటూత్ స్కానర్ కొను. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక రెండు బ్యాంక్‌ల షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ రాసుకో, అంటే ఈసీయూ తన లెక్క కంటే పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో చెప్పే అంకెలు. ఐడిలింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి ఉంచి ఒకసారి, డి లో బ్రేక్ తొక్కి ఒకసారి. ఎయిర్ ఫ్లో గ్రాములు కూడా రాయి. ఆ అంకెలు లేకుండా ఇక ఒక్క పార్ట్ కూడా కొనొద్దు.

తాడిపత్రి_జీప్ (తాడిపత్రి)

అన్నా స్కానర్ దేనికి, కార్బ్ క్లీనర్ స్ప్రే డబ్బా ఒకటి తీసుకుని ఇంజన్ ఆన్‌లో ఉంచి పైపులన్నిటి మీదా కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు ఆర్‌పీఎం మారితే అక్కడే లీకు. మా నాన్న జీప్‌కి ఎప్పుడూ ఇలాగే పట్టుకుంటాం, పది నిమిషాల పని.

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

జీప్‌కి సరే. దీనికి వద్దు, రెండు కారణాలు చెబుతాను. ఒకటి, ఈ వి8లో రెండు పక్కలా ఎగ్జాస్ట్ కాలిపోతూ ఉంటుంది, మన ఎండలు 43 డిగ్రీలు, మీద మండే స్ప్రే. ఇరవై ఏళ్ల కింద నా కళ్ల ముందే ఒక బండి బానెట్ కింద భగ్గుమంది, నా కుడిచేతి వెంట్రుకలన్నీ కాలిపోయాయి. అప్పటి నుంచి మా షెడ్‌లో వేడి ఇంజన్ మీద ఆ స్ప్రే ఎవరినీ కొట్టనివ్వను. రెండు, ఇందులో థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు, ఎలక్ట్రానిక్. ఆర్‌పీఎం మారబోతుంటే ఈసీయూ వెంటనే సర్దేస్తుంది, నీకు తేడా తెలియదు. లీకు మీదే కొట్టినా లీకు లేదనుకుని వెళ్లిపోతావు.

అనంత_వి8 (అనంతపురం), ఆదివారం

స్కానర్ తెచ్చాను అన్నా. 20 కిలోమీటర్లు తిప్పి, వేడెక్కాక చూశాను. లాంగ్, షార్ట్ రెండూ కలిపి రాస్తున్నా.

ఐడిలింగ్: ఒకటో బ్యాంక్ +24, రెండో బ్యాంక్ +27. గాలి సెకనుకు 3.1 గ్రాములు.
2500 దగ్గర: +6, +9.
డి లో బ్రేక్ తొక్కి: +28, +31, ఇక్కడే వణుకు మొదలవుతుంది.

నంద్యాల_పజెరో (నంద్యాల)

నాకొక సందేహం, తప్పయితే చెప్పండి. లీన్ అంటే పెట్రోల్ తక్కువ రావడం కూడా కావచ్చు కదా. 20 ఏళ్ల బండి, ఫ్యూయల్ పంపు బలహీనపడి ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. గాలి లీకే అని ఎలా తేల్చారు?

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

మంచి ప్రశ్న, అందుకే 2500 దగ్గర చూడమన్నాను. పంపు బలహీనమైతే పెట్రోల్ ఎక్కువ అడిగినప్పుడే చేతులెత్తేస్తుంది, అంటే ఆర్‌పీఎం పెరిగేకొద్దీ, ఘాట్ ఎక్కేటప్పుడు ట్రిమ్ ఇంకా పెరగాలి. ఇక్కడ తగ్గింది. ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో, అంటే గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల్లో, పీల్చుడు చాలా గట్టిగా ఉంటుంది, ఇంజన్ తీసుకునే మొత్తం గాలేమో చాలా కొంచెం. ఆ కొంచెంలో దొంగగాలి వాటా పెద్దది. 2500 దగ్గర లోపలికి పోయే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, కన్నం మాత్రం అంతే ఉంటుంది, కాబట్టి దాని వాటా చిన్నదైపోతుంది.

3.1 గ్రాములు కూడా అదే చెబుతోంది. 4.4 లీటర్ల ఇంజన్ వేడిగా ఐడిలింగ్‌లో ఉంటే నాలుగు పైనే చూపించాలి. తక్కిన గాలి సెన్సర్‌ని తప్పించుకుని వస్తోంది.

రెండు బ్యాంక్‌లూ దాదాపు సమానం కాబట్టి గాలి రెండుగా చీలక ముందే ఎక్కడో పెద్ద లీకు ఉంది. రెండో బ్యాంక్ ప్రతిసారీ మూడు ఎక్కువగా ఉంది, అది కూడా గుర్తుపెట్టుకో, అక్కడ ఇంకో చిన్నది ఉందేమో. డి లో వేయగానే పెరగడం నాకు చాలా నచ్చింది. ఇంజన్ పక్కకు ఒరిగినప్పుడు ఏదో నోరు తెరుస్తోంది.

పాలకొండలు_కడప (కడప)

బ్రదర్, నాది 2003 ఎక్స్5 4.4. మీదీ నాదీ ఒకటే ఇంజన్. ఆ రేంజ్ రోవర్ డిజైన్ అవుతున్నప్పుడు ల్యాండ్ రోవర్ బీఎండబ్ల్యూ చేతిలో ఉండేది, 2000లో ఫోర్డ్‌కి అమ్మేశారు, కానీ బండి అప్పటికే బీఎండబ్ల్యూ ఇంజన్ మీద డిజైన్ అయిపోయింది కాబట్టి 2005 దాకా అదే వేశారు, ఆ తర్వాతే జాగ్వార్ ఇంజన్ వచ్చింది. మీకు దీనివల్ల లాభం ఏమిటంటే, ఇంజన్ పార్ట్‌లు రేంజ్ రోవర్ పేరు మీద దొరక్కపోతే బీఎండబ్ల్యూ ఎం62 అని అడగండి, పార్ట్ నంబర్ సరిచూసుకోండి, చాలా తేలిగ్గా దొరుకుతాయి.

నాకూ అచ్చం ఇదే ఈల వచ్చింది. రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆపితే, బండి ఐడిలింగ్‌లో ఊళపెట్టినట్టు అరిచింది. కొట్టువాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక చివర, ఫైర్‌వాల్ వైపు, గుండ్రటి మూత లాంటిది ఒకటి ఉంటుంది. ఇంజన్ అడుగున పుట్టే ఆవిరిని మళ్లీ లోపలికి పంపే వాల్వ్ అది. దాని లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే బయటి గాలి నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతుంది, ఇంజన్ ఆయిల్ కూడా కొంచెం లాగేస్తుంది.

డబ్బు ఖర్చు లేని పరీక్ష చెబుతాను. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీయండి. బాగున్న ఇంజన్‌లో మూత సులువుగా వస్తుంది, ఆ నోటి మీద పల్చటి కాగితం పెడితే కొంచెం అతుక్కుంటుంది, అంతే. పొర చిరిగి ఉంటే మూత రానంటుంది, బలంగా లాగాలి, కాగితాన్ని లోపలికి గుంజేస్తుంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోందా అనేది కూడా చూడండి.

అనంత_వి8 (అనంతపురం)

ఇప్పుడే చూసి వచ్చాను. మూత తిప్పాక కూడా పైకి రాలేదు, రెండు చేతులా లాగితే ఫట్‌మని వచ్చింది, అదే క్షణం ఈల ఆగిపోయింది! ఇంజన్ ఆగిపోబోయి తట్టుకుంది. మూత మళ్లీ పెట్టగానే ఈల మొదలు. పొద్దున నీలం పొగ కూడా రెండు నెలల నుంచి వస్తోంది, పిస్టన్ రింగులు పోయాయని భయపడి ఎవరికీ చెప్పలేదు.

మరి అన్న చెప్పిన డి గేర్ సంగతి? ఆ వాల్వ్ ఇంజన్‌తో పాటే కదులుతుంది కదా, ఒరిగితే దానికేం అవుతుంది?

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

సరిగ్గా పట్టుకున్నావు. ఆ వాల్వ్ ఖాయంగా పోయింది, కానీ డి లో పెరిగేది వేరే చోట. ఎయిర్ ఫ్లో సెన్సర్‌కి, థ్రాటిల్‌కి మధ్య మడతలు మడతలుగా ఉండే రబ్బరు పైపు ఉంటుంది చూడు, బెలోస్ అంటాం. ఒక కొస ఎయిర్ బాక్స్‌కి, అంటే బాడీకి, ఇంకో కొస ఇంజన్‌కి. ఇంజన్ ఒరిగితే సాగేది అదే. నీ ఇంజన్ మౌంట్‌లు కూడా పాతబడి ఉంటే ఇంకా ఎక్కువ సాగుతుంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది, మడత అడుగున చిట్లి ఉంటుంది. ఇంజన్ ఆపి, చేత్తో వంచి, కింద అద్దం పెట్టి చూడు.

కానీ ఒక లీకు దొరికిందని ఆగొద్దు. ఈ వయసు బండిలో రబ్బరంతా ఒకే ఏడాది పుట్టింది, ఒకే ఎండలో కాలింది. స్మోక్ టెస్ట్, అంటే పైపుల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూసే పరీక్ష, చేయిస్తే అన్నీ ఒకేసారి బయటపడతాయి. అనంతపురంలో మెషీన్ ఎవరి దగ్గరైనా ఉందా?

కదిరి_ల్యాబ్ (కదిరి)

నా దగ్గర ఉంది. కొన్నది కాదు, కాలేజీ ల్యాబ్‌లో మిగిలిన సామానుతో నేనే చేసుకున్నాను, మా స్కార్పియో ఇంటర్‌కూలర్ పైపు లీకు కోసం. ఎలా చేశానో చెబుతాను, జాగ్రత్తలతో సహా చదవండి.

గట్టి మూత ఉన్న ఇనుప డబ్బా. మూతకి డీజిల్ ఇంజన్ గ్లో ప్లగ్ (కరెంటు ఇస్తే కొస ఎర్రగా కాలేది) ఒకటి బిగించి, దాని కొసకి నూలు వత్తి చుట్టాను. డబ్బా అడుగున వేలెడు లోతు బేబీ ఆయిల్, అది వట్టి మినరల్ ఆయిల్ కాబట్టి తెల్లటి దట్టమైన పొగ ఇస్తుంది. వత్తి ఆయిల్‌లో మునిగి తడిగా ఉండాలి. గ్లో ప్లగ్‌కి 12 వోల్ట్ బ్యాటరీ, మధ్యలో ఫ్యూజ్, స్విచ్. ఒక పైపు నుంచి గాలి లోపలికి, ఇంకో పైపు నుంచి పొగ బయటికి. గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ లోపే ఉండాలి. ఇది చాలా ముఖ్యం. టైర్ల కంప్రెసర్ నేరుగా పెడితే బాగున్న సీళ్లు కూడా పోతాయి. నేను చేప తొట్టికి వాడే చిన్న ఎయిర్ పంపు వాడతాను. పెట్రోల్ గానీ థిన్నర్ గానీ ఆ డబ్బా దగ్గరికి కూడా రాకూడదు. ఆరుబయటే చేయాలి, పక్కన నీళ్లు కాదు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. గ్లో ప్లగ్ 30 సెకన్లు ఆన్, తర్వాత ఆఫ్, అలా ఆపి ఆపి వేయాలి.

ఆదివారం అక్కా బావా వాళ్లింటికి కమలానగర్ వస్తున్నాను. కావాలంటే డబ్బా తీసుకొస్తాను.

అనంత_వి8 (అనంతపురం)

మేడమ్, తప్పకుండా రండి. ఎంత రుణపడి ఉంటానో చెప్పలేను.

అనంత_వి8 (అనంతపురం), ఆదివారం రాత్రి

స్మోక్ టెస్ట్ అయింది. వివరంగా రాస్తాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది.

పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం, ఎండ ఎక్కితే పొగ సరిగా కనబడదని మేడమ్ అన్నారు. ఎయిర్ ఫ్లో సెన్సర్ దగ్గర పైపు విడదీసి, ఆ నోటికి మందపాటి రబ్బరు గ్లవ్ బిగించి, గ్లవ్ వేలు ఒకటి కత్తిరించి అందులోంచి పొగ పంపించారు. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నా ఈ ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పూర్తిగా మూసుకోదట, కొంచెం తెరిచే ఉంటుంది, అందుకే పొగ మానిఫోల్డ్ దాకా వెళ్తుంది. పంపు ఒత్తిడి తక్కువ కాబట్టి మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదు. నా గుండె జారింది. తర్వాత వెనకవైపు, ఆ గుండ్రటి మూతకున్న చిన్న రంధ్రం నుంచి అగరుబత్తి పొగలా సన్నగా, నిటారుగా లేచింది. కడప బ్రదర్ చెప్పిందే.

బెలోస్ దగ్గర మాత్రం ఏమీ లేదు. మేడమ్ చెయ్యి పెట్టి ఇంజన్ ఒరిగే వైపు దాన్ని వంచారు. అంతే, మడత కింద నుంచి గుప్పుమని పొగ. చేయి తీస్తే ఆగిపోతుంది, వంచితే వస్తుంది. నాలుగుసార్లు చేసి చూశాం.

విప్పి బల్ల మీద పెట్టి చూస్తే రెండో మడత అడుగున నా చూపుడువేలంత పొడుగు చీలిక, దాని మీద ఎప్పుడో ఎవరో పూసిన నల్లటి సీలెంట్ పెచ్చులు. చీలిక అంచుల్లో ఎర్రటి దుమ్ము గీత గీసినట్టు ఉంది. థ్రాటిల్ నోట్లో వేలు పెట్టి తుడిస్తే వేలికి ఎర్రమట్టి అంటింది. ఫిల్టర్ దాటిన తర్వాత మట్టి! అది చూసి నాకు నిజంగా బాధేసింది.

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

తమ్ముడూ, ఆ వేలికి అంటిన మట్టి గురించే అందరికీ చెప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. గాలి లీకు అంటే జనం మైలేజ్ గురించి, లైట్ గురించే మాట్లాడతారు. మన దగ్గర అసలు నష్టం అది కాదు. వేసవిలో గుత్తి రోడ్డు మీద, వేరుశనగ పీకే రోజుల్లో పొలాల పక్కన, బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గర, ఎక్కడ చూసినా గాల్లో సన్నటి దుమ్ము. ఆ చీలిక గుండా పోయే గాలికి ఫిల్టర్ లేదు. ఆ దుమ్ము సిలిండర్ గోడకీ రింగులకీ మధ్య గరుకు కాగితంలా రుద్దుతుంది, ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతుంది. ఈ ఇంజన్ సిలిండర్ గోడలు మన పాత బండ్లలాగా బోర్ చేయించి లైనర్ వేసుకుందాం అనుకునే రకం కావు, అల్యూమినియం బ్లాక్. బయటి ఊళ్లలో ఆరు నెలలు ఓర్చుకునే లీకు ఇక్కడ ఆరు వారాలు కూడా ఓర్చుకోకూడదు. బెలోస్ వచ్చేదాకా బండి తీయొద్దు. లీకులన్నీ మూశాక ఇంజన్ ఆయిల్ కూడా ఒకసారి మార్చెయ్, తేదీ రాలేదని చూడొద్దు.

తాడిపత్రి_జీప్ (తాడిపత్రి)

బెలోస్ వచ్చేదాకా బండి ఆపాలంటే కష్టం కదా అన్నా. మంచి సీలెంట్ గట్టిగా పూస్తే, లేదా ఎం-సీల్ పెడితే?

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

పూసింది చూశావు కదా, పెచ్చులుగా లేచిపోయింది. కదిలే రబ్బరు మీద గట్టిపడే మందు నిలవదు. పైగా లేచిన పెచ్చు థ్రాటిల్‌లోకి పోతే ఇంకో తలనొప్పి. దారిలో పట్టుబడితే, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేప్ ఉంటుంది, దాన్ని సాగదీసి నాలుగు చుట్లు చుట్టి ఇంటికి చేరుకో. ఇంటికి మాత్రమే.

అనంత_వి8 (అనంతపురం), పది రోజుల తర్వాత

బెలోస్, ఆ వాల్వ్ రెండూ వచ్చాయి, ఎం62 అని అడిగితేనే దొరికాయి. బెలోస్ నేనే మార్చాను, క్లిప్‌లు కూడా కొత్తవి. ఒక్క బెలోస్‌తోనే ఐడిలింగ్ ట్రిమ్ +14, +17కి వచ్చింది, డి లో వేసినా పెరగడం ఆగిపోయింది.

వెనక వాల్వ్ మాత్రం చాలా కష్టపెట్టింది. ఫైర్‌వాల్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య అరచేయి కూడా పట్టదు, పైన అడ్డున్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీయాలి, బోల్ట్‌లు కళ్లకు కనబడవు, వేలితో తడుముకుంటూ విప్పాలి. నాకూ మా పక్కింటి అబ్బాయికీ కలిపి ఐదు గంటలు పట్టింది. బయటికి తీసి చూస్తే లోపలి పొర ఎండిన తమలపాకులా ఉంది. వేలితో మెల్లగా నొక్కితే చిట్లింది. సగం చుట్టూ ముందే చిరిగి ఉంది. కొత్తది పక్కన పెట్టి చూస్తే మెత్తగా, తోలులా వంగుతోంది.

పాత ట్రిమ్‌లు చెరిపేసి 60 కిలోమీటర్లు తిప్పాక: ఒకటో బ్యాంక్ +2, రెండో బ్యాంక్ +9. గాలి 4.4 గ్రాములు. ఈల లేదు, నీలం పొగ లేదు. ఆయిల్ మూత మామూలుగా వస్తోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం రెండు నిమిషాలు ఇంకా కొంచెం మిస్ కొడుతోంది.

పాలకొండలు_కడప (కడప)

అద్భుతం బ్రదర్. ఇప్పుడు మిగిలింది రెండో బ్యాంక్ ఒక్కటే, కాబట్టి గాలి చీలిన తర్వాత ఎడమవైపే వెతకాలి. అటువైపు మానిఫోల్డ్ గాస్కెట్లు, ఇంజెక్టర్ల కింది ఓ-రింగులు. ఒకటి మర్చిపోవద్దు, అటువైపు ఎగ్జాస్ట్‌లో సెన్సర్‌కి ముందు చిన్న పగులు ఉన్నా బయటి గాలి లాక్కుని సెన్సర్ లీన్ అనే చెబుతుంది. చల్లగా స్టార్ట్ చేయగానే టక్ టక్ అని ఎగ్జాస్ట్ శబ్దం వస్తోందేమో వినండి.

కదిరి_ల్యాబ్ (కదిరి)

చల్లగా ఉన్నప్పుడే మిస్ కొడుతోందంటే పరీక్ష కూడా చల్లగా ఉన్నప్పుడే చేయాలి. గట్టిపడిన గాస్కెట్ వేడికి వ్యాకోచించి తనంతట తనే మూసుకుంటుంది, మధ్యాహ్నం పొగ పెడితే ఏమీ కనబడదు. ఆ రోజు మనకు కనబడకపోవడానికి కారణం, పెద్ద లీకులు రెండూ తెరిచి ఉంటే పొగంతా అటే పోయింది. పెద్దవి మూసిన తర్వాత మళ్లీ పెట్టాల్సిందే. రాత్రంతా బండి ఆపి ఉంచండి, డబ్బా మీ దగ్గరే ఉంది కదా, తెల్లవారుజామున ఐదున్నరకి చేయండి.

అనంత_వి8 (అనంతపురం)

చేశాను. టార్చ్ వేసి చూస్తే ఎడమవైపు చివరి సిలిండర్ దగ్గర, మానిఫోల్డ్ హెడ్‌కి అతికే చోట, దారమంత పొగ. ఇంజన్ వేడెక్కాక మళ్లీ చూస్తే లేదు! మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఎగ్జాస్ట్ శబ్దం ఏమీ లేదు.

మానిఫోల్డ్ తీయడం నా వల్ల కాదు. తుంగభద్ర అన్నా, కర్నూలు తీసుకొస్తే చేస్తారా?

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

తీసుకురా. ముందు గాస్కెట్ సెట్ రెండు వైపులదీ, ఎనిమిది ఇంజెక్టర్లకీ పైవీ కిందివీ కలిపి పదహారు ఓ-రింగులు, మానిఫోల్డ్ వెనక చిన్న వ్యాక్యూమ్ రబ్బరు మూతలు, డిప్‌స్టిక్ గొట్టం ఓ-రింగు, బ్రేక్ బూస్టర్ హోస్ తెప్పించుకో. ఇంకొకటి, మానిఫోల్డ్ కింద రెండు హెడ్‌ల నడుమ లోయలాంటి చోట ఒక ప్లేట్ ఉంటుంది, దాని కింద కూలెంట్. ఆ ప్లేట్ గాస్కెట్ ఈ ఇంజన్‌లో కారడం మామూలే. మానిఫోల్డ్ తీస్తేనే అందుతుంది, కాబట్టి అదీ ఇప్పుడే.

పాలకొండలు_కడప (కడప)

ఆ చివరి మాట దయచేసి వినండి. నేను డబ్బు మిగులుతుందని ఆ ప్లేట్ వదిలేశాను. ఎనిమిది నెలలకి కూలెంట్ తగ్గడం మొదలైంది, మళ్లీ మానిఫోల్డ్ తీయాల్సి వచ్చింది, కొత్తగా వేసిన గాస్కెట్లు మళ్లీ కొన్నాను.

నంద్యాల_పజెరో (నంద్యాల)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది పాత పజెరో 2.8 టర్బో డీజిల్. శ్రీశైలం ఘాట్‌లో పికప్ లేదు, నల్ల పొగ. ఇది కూడా గాలి లీకేనా? స్కానర్ పెట్టడానికి ఇందులో ఏమీ లేదు.

తుంగభద్ర_గ్యారేజ్ (కర్నూలు)

అది తిరగబడిన కథ. టర్బో తర్వాత పైపు చిట్లితే గాలి లోపలికి రాదు, ఒత్తిడికి బయటికి పోతుంది. డీజిల్ సరిపడా పడుతుంది, కాల్చడానికి గాలి లేదు, అందుకే నల్ల పొగ. ఇంటర్‌కూలర్ పైపుల జాయింట్లు చూడు, ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా ఎక్కడుందో అక్కడే. తక్కువ ఒత్తిడితో గాలి పెట్టి సబ్బు నీళ్లు కొడితే బుడగలు వస్తాయి. అవేమీ లేకపోతే వేరే థ్రెడ్ పెట్టు, వివరంగా చూద్దాం.

అనంత_వి8 (అనంతపురం), మూడు వారాల తర్వాత

పని అయింది. కర్నూలులో రెండు రోజులు ఉన్నాను, అన్న పక్కనే నిలబెట్టుకుని ప్రతిదీ చూపించారు. పాత గాస్కెట్లు రబ్బరులా లేవు, గోరుతో గీస్తే ప్లాస్టిక్ గీసినట్టు కరకరమన్నాయి, చివరి సిలిండర్‌ది రెండు ముక్కలుగా వచ్చింది. విప్పిన వెంటనే ఎనిమిది నోళ్లలోనూ శుభ్రమైన గుడ్డలు కుక్కారు, చిన్న నట్టు పడినా ఇంజన్ పోతుందని. బిగించేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ మార్చుతూ మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించారు. లోయలో ప్లేట్ అంచున కూలెంట్ ఎండిన తెల్ల చారలు ఉన్నాయి, అంటే కారడం అప్పటికే మొదలైంది.

తిరుగు ప్రయాణంలో డోన్, గుత్తి మీదుగా ఏసీ వేసుకుని వచ్చాను. ఇంటికి రాగానే చూసిన అంకెలు: ఒకటో బ్యాంక్ +1.6, రెండో బ్యాంక్ +2.3, గాలి 4.6 గ్రాములు, ఆర్‌పీఎం 600 దగ్గర ముల్లు కదలడం లేదు. పొద్దున చల్లగా స్టార్ట్ చేసినా మిస్ లేదు. నిన్న సప్తగిరి సర్కిల్‌లో డి లో పెట్టి రెండు నిమిషాలు నిలబడ్డాను, పక్క సీట్లో మా అమ్మ "బండి ఆఫ్ చేసినావా" అని అడిగింది.

లెక్క కూడా రాస్తాను. బెలోస్, వాల్వ్, గాస్కెట్లు, ఓ-రింగులు, ప్లేట్ గాస్కెట్, కూలెంట్, ఆయిల్, మజూరీ అన్నీ కలిపి 51 వేలు. ముందు సెన్సర్లకి పోసిన 62 వేల కంటే తక్కువ. పాత సెన్సర్లు తెచ్చుకున్నాను, అన్న పరీక్షించి బాగున్నాయన్నారు, డబ్బాలో భద్రంగా పెట్టాను.

మౌంట్‌లు వచ్చే నెల మారుస్తాను, లేకపోతే కొత్త బెలోస్ కూడా అలాగే సాగుతుందని అన్న చెప్పారు.

పాలకొండలు_కడప (కడప)

చాలా సంతోషం. మేడమ్, నా ఎక్స్5 ఒకటో బ్యాంక్ ఈ మధ్య +8 చూపిస్తోంది. ఆ పొగ డబ్బా ఒక వారం ఇస్తారా?

కదిరి_ల్యాబ్ (కదిరి)

డబ్బా ఇంకా అనంతపురంలోనే ఉంది. గ్లో ప్లగ్ వత్తి కాలిపోయి ఉంటుంది, కొత్త నూలు చుట్టి, ఆయిల్ పూర్తిగా వంపేసి పంపమని చెప్పండి.

అనంత_వి8 (అనంతపురం)

వత్తి ఈ సాయంత్రమే మారుస్తాను మేడమ్. శనివారం కడపలో మాకు పెళ్లి ఉంది, నేనే పట్టుకొస్తాను. బ్రదర్, శుక్రవారం రాత్రి బండి ఆపి ఉంచండి, తెల్లవారుజామున మీ ఇంటి దగ్గర ఉంటాను.